బయానా పుచ్చుకున్న చెయ్యి

మడత చాకులను చేత్తో తయారుచేసి సేకరణదారులకు అమ్ముకునే ఒక పనివాడు ఈ మధ్య తన ఖాతాదారులకు ఒక ఉత్తరం రాశాడు. ఇకమీదట ఆర్డర్లు తీసుకోననీ, ఆర్డర్ల పుస్తకంలో ఇప్పటికే పేరున్నవారికి బయానా సొమ్ము తిరిగి పంపుతాననీ, ఇకనుంచి తనకు తోచిన చాకును తాను చేసుకుని, అది పూర్తయ్యాకే అమ్మకానికి పెడతాననీ అందులోని సారాంశం. ఆ ఉత్తరం చేతులు మారి నా దాకా వచ్చేసరికి దాని వెంట బోలెడంత కోపం కూడా వచ్చింది. ఏళ్ల తరబడి ఓపిక పట్టినవాళ్లను గాలికి వదిలేశాడని కొందరు, పేరు రాగానే తల తిరిగిందని కొందరు, మారుబేరంలో తన చాకులు పలుకుతున్న ధరలు చూసి ఆశపడ్డాడని మరికొందరు అన్నారు.

నేను అతని పక్షం. ఆ మాట తేలిగ్గా అనడం లేదు. వరుసలో పేరు రాయించుకుని చాకు కొనుక్కున్నవాణ్ణే నేనూ, ఆ వరుస లేకపోతే ఆ చాకు నా చేతికి వచ్చేది కాదని కూడా నాకు తెలుసు. అయినా ఈ వృత్తిలో ఏళ్లకు ఏళ్లు సాగే ఆర్డర్ల పుస్తకం, ముఖ్యంగా దాని వెనక పుచ్చుకున్న బయానా, పనివాడికి ఆస్తి కాదని, అప్పు అని నా అభిప్రాయం. ఆ అప్పు చివరికి సేకరణదారుడు ఏ వస్తువు కోసం డబ్బు కట్టాడో దాన్నే లోపలినుంచి తినేస్తుంది.

అమ్ముడయ్యేది ఏమిటి

పండు కోసుకోవడానికో పార్సిలు విప్పడానికో కావలసిన చాకు ఏ కర్మాగారం నుంచైనా చవకగా వస్తుంది, బాగానే కోస్తుంది. వందల డాలర్ల నుంచి పదుల వేల డాలర్ల దాకా పెట్టి ఒకే మనిషి చేసిన చాకును కొనేవాడు కోత కోసం కొనడం లేదు. అలాంటి చాకుల్లో చాలావాటికి ఒక్క తాడును తెంపే అవసరం కూడా ఎన్నడూ రాదు. ఇది విని నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాదు, ఎందుకంటే వాడబోని వస్తువును కూడా రేపే వాడబోతున్నంత కచ్చితంగా చేయడంలోనే ఈ వృత్తి పరువంతా ఉంది. అయితే కొనేవాడు దేనికి డబ్బు ఇస్తున్నాడో ముందు తేల్చుకోకుండా ఆర్డర్ల పుస్తకం మంచిదా చెడ్డదా అన్నది తేలదు.

తెరిచిన బ్లేడును బిగించి ఉంచే లాకు లేని పాత తరహా మడత చాకునే తీసుకుందాం. బ్లేడు, దాని మొదలును నొక్కి పట్టే వెన్ను స్ప్రింగు, రెండు పక్కలా లైనర్లనే పలుచని లోహపు రేకులు, వాటి మీద కొసన బోల్‌స్టర్లనే లోహపు దిమ్మలు, పిడి పలకలు, ఇరుసుగా ఒక పిన్ను, అంతే. చూడడానికి ఇంతకంటే సులువైన యంత్రం ఉండదు. కానీ మూసినప్పుడూ, సగం తెరిచినప్పుడూ, పూర్తిగా తెరిచినప్పుడూ స్ప్రింగు వీపు లైనర్ల అంచుతో ఒకే మట్టంలో ఉండాలని, వేలితో తడిమితే ఎక్కడా ఎత్తుపల్లం తగలకూడదని సేకరణదారుడు ఆశిస్తాడు. ఈ మూడు స్థితులనూ శాసించేది బ్లేడు మొదలు ఆకారం. అక్కడ ఒక వైపు ఆకురాయితో ఒక్క రుద్దు ఎక్కువ పడితే ఆ స్థితిలో స్ప్రింగు కిందికి దిగిపోతుంది. తీసిన లోహాన్ని తిరిగి అంటించే దారి లేదు గనుక మిగిలిన రెండు వైపులనూ దానికి సరిపడేలా తగ్గించుకుంటూ రావాలి, కాదంటే ఆ బ్లేడును పక్కన పడేయాలి. అందుకని తాత్కాలికమైన పిన్నులతో చాకును కూర్చడం, చూడడం, విప్పడం, వెంట్రుకవాసి తీయడం, మళ్లీ కూర్చడం, ఇదే తంతు పదుల సార్లు నడుస్తుంది.

మధ్యలో పాయనం, అంటే ఉక్కును కాచి చల్లార్చి గట్టిపరచడం, ఒకటి ఉంది. 154సీఎం వంటి ఉక్కును గాలి తగలకుండా రేకులో చుట్టి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాచి, అల్యూమినియం పలకల మధ్య నొక్కి చల్లారుస్తారు. కొందరు ఆపైన మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. తరువాత 200 డిగ్రీల దరిదాపుల్లో రెండు మార్లు మళ్లీ కాస్తే, బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర నిలబడుతుంది. స్ప్రింగు కూడా అంత గట్టిగా ఉంటే పుటుక్కున విరుగుతుంది, అందుకని దాన్ని 45 దరిదాపులకు మెత్తబరుస్తారు. ఈ వేడికి ఉక్కు కొలతలు కాస్తంత మారి, ముందు అంత శ్రమపడి కుదిర్చిన అమరిక కొంత చెదురుతుంది, మళ్లీ మొదలు. ఆఖరున పిన్ను కొసలను సుత్తితో కొట్టి పరిచి మెరుగు పెడతారు. పిన్నూ బోల్‌స్టరూ ఒకే లోహమైతే ఆ తరువాత పిన్ను ఎక్కడుందో కంటికి దొరకదు. ఆ దెబ్బలు పడ్డాక చాకును పాడుచేయకుండా విప్పడం కుదరదు. కాబట్టి ఆ సుత్తి ఎత్తేముందు 'ఇక చాలు' అనుకోగలగడం పనివాడి తీర్పు. అనుభవం గల సేకరణదారుడు చాకును చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూసినప్పుడు వినేది ఆ తీర్పునే.

లైనర్ లాకు సంగతీ అంతే. అమెరికన్ తయారీదారు మైకేల్ వాకర్ 1980ల తొలినాళ్లలో దానికి ఇప్పటి రూపం ఇచ్చాడు. టైటానియం లైనరులోంచి చీల్చిన ఒక పాయ పక్కకు వంగి బ్లేడు మొదలు వెనక చేరి దాన్ని నిలబెడుతుంది. మూసి ఉన్నప్పుడు బ్లేడు దానంతటది తెరుచుకోకుండా ఆ పాయలో ఇమిడ్చిన ఒక చిన్న గుండు పట్టి ఉంచుతుంది. పాయ వచ్చి ఆనే చోట బ్లేడు మొదలుకు ఏడెనిమిది డిగ్రీల వాలు పెడతారు. వాలు ఎక్కువైతే ఒత్తిడికి లాకు జారుతుంది. తక్కువైతే టైటానియం ఉక్కును కరుచుకుని వదలదు. డిగ్రీలు కాగితం మీద ఎవరైనా రాస్తారు. ఈ బ్లేడుకు, ఈ పాయకు, ఈ మందానికి ఎక్కడ ఆపాలన్నది బొటనవేలికి తెలియాలి.

ఇప్పుడు ఒక మామూలు ఆర్డరు కాగితం చూడండి. బ్లేడు పొడవు, ఉక్కు పేరు, పిడికి ఏ ముత్యపు చిప్ప, ఏ దంతం, ఏ కలప, చెక్కుడు పని ఉండాలా వద్దా, పేరు ఎక్కడ ఉండాలి. విలువ ఇచ్చి కొంటున్న సంగతి ఒక్కటీ అందులో లేదు, ఉండే వీలూ లేదు. కొనేవాడు నిజంగా కొంటున్నది ఒక మనిషి ధ్యాసను. ఆ ధ్యాస ఎప్పుడు ఎలా ఉంటుందో ఏళ్ల ముందు సంతకం పెట్టి కట్టడి చేయడం కుదిరే పనేనా అన్నదే నా ప్రశ్న.

పుస్తకం ఎలా బరువెక్కుతుంది

కొత్తగా పేరు తెచ్చుకుంటున్నవాడికి వచ్చిన ప్రతి ఆర్డరూ వరంలా కనిపిస్తుంది. ఎవరు ఏం అడిగినా సరే అంటాడు. ఒంటరిగా పనిచేసేవాడు ఏడాదికి ముప్పై చాకులు చేయగలడనుకుందాం. ఒకటి రెండు ప్రదర్శనల్లో మంచి మాట వచ్చిందంటే 240 పేర్లు చేరడానికి ఆట్టే కాలం పట్టదు. లెక్క ప్రకారం అది ఎనిమిదేళ్ల పని. అసలు చిక్కు బయానాతో వస్తుంది. ఆ సొమ్ము పెట్టెలో నిలవ ఉండదు, సాన యంత్రంగానో, విద్యుత్ కొలిమిగానో, ఇంటి అద్దెగానో మారిపోతుంది. రెండేళ్లు గడిచేసరికి ఆయన చేస్తున్నది తిన్న కూడుకు చాకిరీ. పూర్తయిన చాకుకు రావలసింది మిగతా సగమే. ఆ సగంతో ఇల్లు నడవదు గనుక కొత్త పేర్లు రాసుకుని కొత్త బయానాలు పుచ్చుకోవాలి. వరుస పొడవు తగ్గించే మార్గం వరుసను ఇంకా పొడిగించడమే అవుతుంది.

నాకు పరిచయమున్న ఒక తయారీదారు పనిబల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఒక సంగతి చూశాను. ఆయన ముందు గోడకు ఒక పాత ఫోటో అంటించి ఉంది. అందులో ఉన్నది ఆయన చేసిన చాకే. మాటిమాటికీ దాన్ని చూస్తూ, కొలబద్దతో పోలుస్తూ, బ్లేడు వీపు వంపును సరిచేస్తున్నాడు. ఎందుకని అడిగాను.

"ఆర్డరు ఇచ్చినాయన ఇలాంటిదే కావాలన్నారండీ. అప్పట్లో నేను వీపు ఇలా వంచేవాణ్ణి. ఇప్పుడు వంచను. ఈ వంపుతో మొన బలహీనపడుతుందని ఆ తరువాత తెలిసింది."

"ఆ మాట ఆయనకు చెప్పకపోయారా?"

"చెప్పాను. ఇన్నేళ్లు ఎదురుచూసింది దీని కోసమే అన్నారు. ఆయన మాటా నిజమే కదండీ."

తన పాత పనికి తానే నకలు తీస్తున్న ఆ మనిషిని చూసిన తరువాతే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిపడింది. ఆ కొనుగోలుదారుణ్ణి నేను తప్పుపట్టను. ఒప్పందం ప్రకారం ఆయనకు రావలసింది ఆయనకు వచ్చింది. కానీ ఆ తయారీదారు ఆ ఏళ్లలో నేర్చుకున్నదంతా ఆ చాకులోకి రాకుండా ఆపింది కూడా ఆ ఒప్పందమే. సేకరణదారులు తమలో తాము 'ఆయన తొలినాటి పని', 'ఆయన మలినాటి పని' అని వేరుచేసి మాట్లాడుకుంటారు. తయారైన సంవత్సరం మలినాటిది, మనసు తొలినాటిది అయిన ఇలాంటి చాకును ఏ అరలో పెట్టాలి?

మనిషి మారడం ఒక ఎత్తు, లోకం మారడం ఇంకో ఎత్తు. ఏనుగు దంతంతో అంతర్జాతీయ వ్యాపారాన్ని, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం 1989లో తీసుకున్న నిర్ణయంతో నిషేధించినా, దేశాల లోపల పాత నిల్వల క్రయవిక్రయాలు చాలాకాలం సాగాయి. అమెరికాలో 2016లో వచ్చిన నిబంధనలతో రాష్ట్రాల మధ్య అమ్మకం దాదాపు మూతపడింది. బ్రిటన్ 2018లో చేసిన దంతాల చట్టం 2022లో అమలులోకి వచ్చింది. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు వేల ఏళ్ల కిందటే అంతరించిన మామత్ దంతాన్ని కూడా కలిపి నిషేధించాయి. ఈ చట్టాలు అవసరమైనవే, వాటితో నాకు పేచీ లేదు. ఏళ్ల ముందు దంతపు పిడి రాసుకుని బయానా పుచ్చుకున్నవాడి సంగతి ఏమిటన్నదే పేచీ. చెప్పిన పిడి వేస్తే చట్టం ఒప్పదు. వేరేది వేస్తానంటే కొనేవాడు ఒప్పడు. సొమ్ము తిరిగిద్దామంటే అది ఏనాడో ఖర్చయింది. ఉక్కు విషయంలోనూ ఇలాంటి ప్రమాదమే ఉంది. లోహపు పొడి నుంచి తయారయ్యే సీపీఎం రకాల ఉక్కుతో ఈ రంగాన్నే మార్చేసిన అమెరికన్ సంస్థ క్రూసిబుల్ 2024 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. ఫలానా ఉక్కే కావాలని పట్టుబట్టి రాయించుకున్న కాగితాలు ఎన్నో పుస్తకాల్లో ఉండే ఉంటాయి.

శరీరం సంగతి అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. ఈ పనిలో అన్నిటికంటే భయపడవలసింది సాన యంత్రానికి కాదు, మెరుగు పెట్టే బఫింగ్ చక్రానికి. అంచు దానికి చిక్కిందంటే బ్లేడును లాక్కుని ఎటు విసురుతుందో చెప్పలేం. ముత్యపు చిప్పను సాన పడితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. ఉప్పుకాగితంతో ఒకే దిశలో గంటల తరబడి రుద్ది తెచ్చే నునుపుకు మణికట్టు, భుజం మూల్యం చెల్లిస్తాయి. నలభై ఏళ్ల చేతులు ఇచ్చిన మాటను యాభై ఏళ్ల చేతులు తీర్చాలి. తీర్చేలోపే మనిషి పోతే, ఆ పుస్తకం భార్యకో పిల్లలకో వారసత్వంగా వస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో, భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆవిడ ఫోను ఎత్తడానికే భయపడేది. సంతాపం చెప్పినవాళ్లలో కొందరు చివరి వాక్యంలో బయానా ప్రస్తావన తెచ్చేవారు. వాళ్లు దుర్మార్గులు కారు. సొమ్ము కట్టినవాళ్లు, అడిగే హక్కు ఉన్నవాళ్లు. ఆ హక్కు అలాంటి రోజున ఎదురుపడేలా చేసిన ఏర్పాటే నాకు నచ్చనిది.

ఎదుటి పక్షంలో బలమెంత

ఇంతవరకు చెప్పింది చదివి ఒప్పేసుకోవద్దు. ఆర్డర్ల పుస్తకాన్ని సమర్థించేవాళ్ల దగ్గర నేను సమాధానం చెప్పలేక ఇబ్బందిపడిన మాటలు ఉన్నాయి.

మొదటిది, చాకులకు పేరుపడ్డ ఇంగ్లండు పట్టణం షెఫీల్డ్‌కు చెందిన స్టాన్ షా. 1926లో పుట్టి, 1941లో పద్నాలుగేళ్ల వయసులో పనిలో చేరి, తొంభై దాటాక కూడా బల్ల దగ్గర కూర్చుని, 2021లో కన్నుమూసిన మడత చాకుల పనివాడు ఆయన. ఆయన చాకు కోసం ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ ఎదురుచూపు ఆయన పనిని పాడుచేసిందని ఎవరూ అనలేరు. ఆయన్ను చూసి నా వాదన అంతా ఎందుకు వదులుకోకూడదు? చాలాకాలం ఆలోచించాక నాకు తోచింది ఇది. షెఫీల్డ్ చాకు ఒక సంప్రదాయం. దాని ఆకారాలు, నిష్పత్తులు, అలంకారాలు తరాల కిందటే స్థిరపడ్డాయి. అక్కడ వరుసలో నిలబడ్డవాడు చాలావరకు ఆ సంప్రదాయం తన వంతుకు వచ్చేదాకా ఆగుతున్నాడు. ఇవాళ సేకరణదారులు ఎగబడే చాకుల్లో ఎక్కువ భాగం అలాంటివి కావు. తయారుచేసేవాడు ఏడాదికేడాది కొత్త లాకు, కొత్త కీలు, కొత్త వంపు కనిపెడుతూ ఉండడం వల్లనే వాటికి విలువ. స్థిరపడ్డ నమూనాకు వరుస హాని చేయదు, మారుతూ ఉండవలసినదానికి చేస్తుంది. ఈ సమాధానం నన్ను పూర్తిగా తృప్తిపరచలేదని కూడా చెప్పాలి. షా వంటివాడి చేతుల్లో సంప్రదాయం కూడా కదులుతూనే ఉంటుంది కదా అనే అనుమానం మిగిలే ఉంది.

రెండోది, న్యాయం. వరుస ఉంటే తక్కువ జీతగాడు కూడా ఇవాళ పేరు రాయించుకుని, నెలనెలా కొంత దాచుకుని, వంతు వచ్చేనాటికి సొమ్ము సిద్ధం చేసుకోగలడు. వరుస తీసేస్తే చాకు సిద్ధమైన క్షణంలో ఎవరి దగ్గర డబ్బుంటే వాడిది, లేదా ఎవరి వేలు చురుకైతే వాడిది. ప్రదర్శనల్లో కొందరు పేర్లు డబ్బాలో వేసి చీటీ తీస్తారు. అదృష్టానికి ఓపికతో పనిలేదు. పైగా చీటీ తగిలినవాడు ఆ సాయంత్రమే రెండింతలకు మారుబేరం పెట్టడం నేను చూశాను. ఈ ఆక్షేపణలో నిజం ఉంది. కానీ మారుబేరగాడికి వరుస కూడా అడ్డం కాదు, నిజానికి అది వాడికి ఇంకా మేలు. ఎనిమిదేళ్ల కిందటి ధరకు ఇవాళ్టి చాకు వస్తే, ఆ తేడా అంతా వాడి జేబులోకే పోతుంది. డబ్బుకు ఇబ్బందిపడేది పాత ధరకు కట్టుబడ్డ పనివాడే. చాకు పూర్తయ్యాక ధర చెప్పేవాడు కనీసం తన పని విలువ తాను అడగగలడు. ఓపిక గల సామాన్యుడికి మాత్రం ఇందులో నష్టం ఉంది, దాన్ని నేను కాదనలేను. కొందరు తయారీదారులు అతని కోసం పూర్తయిన చాకుకే వాయిదాలు ఒప్పుకుంటున్నారు. అది మంచి పద్ధతే గానీ అందరి వల్లా కాదు.

మూడోది నా మనసుకు దగ్గరిది. అడిగి చేయించుకోవడంలో ఒక సంబంధం ఉంది. కొనేవాడి చేతి కొలత, అతని ఇష్టం, ఇద్దరి మధ్య నడిచే ఉత్తరాలు, ఇవన్నీ చాకులోకి వస్తాయి. అది పోతే తయారుచేసేవాడు తన గదిలో తనకు తాను మాట్లాడుకుంటాడని, కొన్నాళ్లకు ఆ మాటలు ఎవరికీ అర్థం కావని ఒక పాత సేకరణదారుడు నాతో అన్నాడు. ఎవరి కోరికా తగలని స్వేచ్ఛ విచ్చలవిడితనంగా మారి, అందంగా ఉండి చేతిలో ఇమడని చాకులు చేసినవాళ్లను ఆయన వరసగా చెప్పుకుపోయాడు. నిజమే. అయితే ఆ సంబంధానికి బయానా ఎందుకు కావాలి? ఒక తయారీదారు దగ్గర ఆర్డర్ల పుస్తకానికి బదులు కోరికల పుస్తకం చూశాను. ఫలానాయనకు పెద్ద చెయ్యి, నల్ల చిప్ప ఇష్టం, చెక్కుడు పని గిట్టదు, అని రాసుకుంటాడు. తేదీ లేదు, సొమ్ము లేదు, మాట లేదు. ఏదో ఒక రోజు అలాంటి చాకు తన చేతుల్లో తయారైతే మొదటి ఉత్తరం ఆయనకు వెళుతుంది. వద్దంటే ఇంకొకరికి. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ బాకీ లేరు. నాకు తెలిసినంతలో ఆ పుస్తకంలోని మనుషులతో ఆయనకున్నంత చనువు, బయానా పుచ్చుకున్నవాళ్లతో మరెవరికీ లేదు.

అప్పుడప్పుడే మొదలుపెట్టినవాళ్లకు

కొత్తగా వృత్తిలోకి వచ్చినవాడికి ఇదే సలహా ఇవ్వగలనా అంటే, తటపటాయిస్తాను. ఎవరూ ఎరగనివాడు చాకు చేసి పెట్టుకుని కూర్చుంటే కొనేది ఎవరు? తనకు తోచనిది, తనకు రానిది ఇంకొకరు అడిగినప్పుడే చెయ్యి సాగుతుందన్నది కూడా అబద్ధం కాదు. అందుకని తొలి ఏళ్లలో చిన్న వరుస, కొన్ని నెలలకు మించనిది, ముందు సొమ్ము లేనిది ఉండవచ్చని ఒప్పుకుంటాను. బంగారమో, అరుదైన చిప్పో కావాలంటే దాన్ని కొనేవాడే కొని పంపడం మేలు; అది పోయినా తిరిగి వచ్చినా లెక్క తేలుతుంది.

కానీ వృత్తి తనకు తాను పెట్టుకున్న పరీక్షలను చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఉక్కును కొట్టి కత్తులు చేసేవాళ్ల సంఘంగా 1976లో మొదలైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీలో, శిక్షణ దాటి నైపుణ్యం నిరూపించుకున్న జర్నీమన్ స్థాయికి ఎదగాలంటే అభ్యర్థి తాను కొట్టి చేసిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి, కలప కడ్డీని నరకాలి, ఆ తరువాత కూడా దానితో చేతి మీది వెంట్రుకలు గీయగలగాలి, చివరికి దాన్ని వైసులో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. అది మడత చాకు కాదు, నిలువు కత్తి. అయినా ఆ పరీక్ష స్వభావం గమనించదగ్గది. పరీక్ష ముగిసేసరికి కత్తి పాడైపోతుంది. దాన్ని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, ఎవరూ కొనరు. పనివాడు ఎంతటివాడో తేల్చడానికి ఆ వృత్తి ఎంచుకున్న వస్తువు అలాంటిది.

అదే సొసైటీ స్థాపకుల్లో ముఖ్యుడైన బిల్ మోరాన్ 1973లో చాకు తయారీదారుల సంఘమైన నైఫ్‌మేకర్స్ గిల్డ్ ప్రదర్శనకు పొరల ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులు తెచ్చి పెట్టాడు. ఆనాటి అమెరికాలో దాదాపు ఎవరూ చేయని పని అది. చేసే పద్ధతిని దాచుకోకుండా అడిగినవాళ్లందరికీ చెప్పాడు. అవి కావాలని ముందుగా ఎవరైనా బయానా ఇచ్చి ఉంటారా? ఉందని తెలియని వస్తువును ఎవరు అడుగుతారు? వాకర్ లాకును కూడా అది పుట్టేముందు ఏ ఆర్డరు కాగితమూ కోరి ఉండదు. ఇవాళ సేకరణదారులు కాగితం మీద తేలిగ్గా టిక్కు పెట్టే గడులన్నీ ఒకప్పుడు ఎవరో ఖాళీగా ఉన్న వారంలో, ఎవరికీ బాకీ లేని వారంలో పుట్టినవి. పుస్తకం నిండిపోయినవాడికి లేనిది సరిగ్గా ఆ వారమే.

ఉత్తరం రాసిన ఆయన మీద వచ్చిన ఆరోపణల్లో ఒకదానికి మాత్రం జవాబు ఆయనే ఇవ్వాలి. బయానా తిరిగి ఇవ్వడంతో లెక్క సరిపోయిందని ఆయన అనుకుంటే పొరపాటు. ఏళ్ల తరబడి ఆగినవాడు సొమ్ముతో పాటు కాలాన్ని కూడా కట్టాడు, దానికి వడ్డీ ఉండదు. ఆ పేర్లు పారేయకుండా, ఇకమీద పూర్తయ్యే చాకులను ముందు వాళ్లకే చూపించి, వద్దన్నాకే బయటికి పెడితే బాగుంటుంది. పాత పుస్తకంలో ఉన్న ఒకరితో మాట్లాడితే, ఆయన ఇప్పటికే కొందరితో అలాగే చేస్తున్నట్టు తెలిసింది. ఉత్తరంలో ఆ ముక్క ఎందుకు రాయలేదో నాకు తెలియదు. రాసి ఉంటే సగం కోపం తగ్గేది.

నా పేరు ఇంకో తయారీదారు పుస్తకంలో ఇప్పటికీ ఉంది, బయానాతో సహా. ఇదంతా ఆలోచించుకున్నాక ఆయనకు రాశాను: నేను అప్పట్లో కోరిన కొలతలు, ఉక్కు, చిప్ప అన్నీ మర్చిపోండి, మీకు ఇవాళ ఏది చేయాలనిపిస్తే అది చేయండి, ఎప్పుడైనా సరే, చేయకపోయినా సరే. వారం తరువాత జవాబు వచ్చింది. నల్ల ముత్యపు చిప్ప మీరు అడిగిన కొలతకే కోసి పెట్టుకున్నాను, జతలో రెండు పలకల రంగూ కలిసింది, అలా కలవడం అరుదు, అందుకని మీరు మొదట అడిగిందే చేస్తాను, అని రాశాడు.